బీపీ ఉన్నవారు చిగుళ్లూ చూపించుకోవాలి

సంపాదకులు గారికి,

బీపీ అనగానే ఉప్పు, బరువు, టెన్షన్ గురించే మాట్లాడుకుంటాం. చిగుళ్ల మాట ఎవరూ ఎత్తరు. పళ్లు తోముకునేటప్పుడు రక్తం వస్తే, గట్టిగా తోమామేమో అనుకుని వదిలేస్తాం. నేనూ ఏళ్ల తరబడి అలాగే వదిలేశాను. చాలాసార్లు అది చిగుళ్ల వాపుకు మొదటి గుర్తు. ముదిరితే పంటిని పట్టి ఉంచే ఎముకే కరిగిపోతుంది. అయినా పెద్దగా నొప్పి ఉండదు, అచ్చం బీపీలాగే.

చిగుళ్లలోని బ్యాక్టీరియా, వాపు ప్రభావం రక్తం ద్వారా పాకి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. 26 దేశాల అధ్యయనాలను కలిపి చూసిన 2020 నాటి విశ్లేషణలో, తీవ్రమైన చిగుళ్ల వ్యాధి ఉన్నవారికి బీపీ ఉండే అవకాశం 49 శాతం ఎక్కువని తేలింది. ఒకదానికి రెండోదే కారణమని దీనర్థం కాదు. పొగతాగడం, షుగర్ రెండింటితోనూ ముడిపడి ఉంటాయి. చిగుళ్లు బాగుచేయించుకున్నాం కదా అని బీపీ మాత్రలు మాత్రం ఆపకూడదు.

ఇంకో సంగతి. ఆమ్లోడిపిన్ వంటి బీపీ మాత్రల వల్ల కొందరికి చిగుళ్లు ఉబ్బి పెరుగుతాయి. పళ్ల డాక్టరుకు ఆ మాత్ర పేరు తప్పక చెప్పాలి. పళ్ల క్లినిక్కుల్లో బీపీ చూడటం, బీపీ చూసే డాక్టర్లు చిగుళ్ల గురించి అడగడం మామూలు విషయం కావాలని నా విన్నపం.

— ఒక పాఠకురాలు