కంప్యూటర్ యాడ్లల్ల పూర్తి నంబర్ రాయించుర్రి

ఎడిటర్ గారికి నమస్తే,

దసరా, దీపావళి దగ్గరికొచ్చినా కాలేజీలు తెరిచే టైం అయినా మన నల్గొండ జిల్లా పేజీలల్ల కంప్యూటర్ షాపుల యాడ్లు మస్తు వస్తయి, పేపర్ మడతల పెట్టి పంచే పాంప్లెట్లల్ల కూడా అదే రాత, ఐ7 కంప్యూటర్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, వీడియో ఎడిటింగ్‌కు బెస్ట్ అని. ఐ7 అంటే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్, కంప్యూటర్‌కు మెదడు లాంటి చిప్పు, గ్రాఫిక్స్ కార్డు అంటే బొమ్మలు, వీడియోల పని చూసే భాగం. ఏ ఐ7, ఏ కార్డు అనేది మాత్రం ఎవ్వలు రాయరు. జనం మోసపోయేది అక్కడనే.

నేను ఇంట్లనే పెండ్లి వీడియోలు ఎడిట్ చేస్త, అందుకని ఏది కొనాలె అన్నా అని చానా మంది అడుగుతరు. స్టూడియోలోళ్లు అడగరు, వాళ్లకు తెలుసు. అడిగేది మామూలు ఇంటోళ్లు, బిడ్డ ఓణీల ఫంక్షన్ వీడియో మనమే కట్ చేసుకుందాం అనుకునేటోళ్లు, చెర్వుగట్టు జాతర ఫోన్ల తీసి యూట్యూబ్‌ల పెట్టే పిల్లలు, పత్తి చేను పనులు చూపించే ఛానల్ పెట్టిన రైతులు. ఇరవై ముప్పై వేలంటే వాళ్లకు చిన్న పైసలు కాదు.

ఐ7 అనే పేరు 2008 నుంచి ఉన్నది. 2011ల వచ్చిన ఐ7 2600 కూడా ఐ7 నే, కానీ 2022ల వచ్చిన, అదే కంపెనీ కింది రకం ఐ3 12100 దానికన్న చానా ఫాస్ట్, రెండింటికీ కోర్లు (చిప్పు లోపల పని చేసే భాగాలు) నాలుగే అయినా సరే. హైదరాబాద్ కంపెనీలల్ల వాడి పక్కకు పెట్టిన పాత సిస్టంలకు కొత్త క్యాబినెట్ (బయటి డబ్బా) తొడిగి ఐ7 స్టిక్కర్ కొడితే చూసేటోనికి ఏం తెలుస్తది? ఇంకోటి, విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తోని ఆగిపోయినయి, విండోస్ 11కు ఇంటెల్‌ల 8వ జనరేషన్ (చిప్పు తరం, 2600 అంటే 2వది, 12100 అంటే 12వది) నుంచి పైకి ఉండాలె అని మైక్రోసాఫ్టే చెప్పింది, అంతకన్న పాతది ఎంత సస్తకు వచ్చినా ఎడిటింగ్ కోసమని కొనొద్దు అంటా నేను.

అసలు కంప్యూటర్ లెక్క ఫోన్ కాడ మొదలుపెట్టాలె. ఫుల్ హెచ్‌డీ ఒక్క ఫ్రేముల (వీడియోల ఒక్క బొమ్మ) సుమారు 21 లక్షల చుక్కలు ఉంటయి, 4కేల 83 లక్షలు, అంటే నాలుగింతలు. ఐఫోన్ సెట్టింగ్స్‌ల చూస్తే 4కే సెకనుకు 30 ఫ్రేములల్ల నిమిషానికి 170 ఎంబీ, 60 ఫ్రేములల్ల 400 ఎంబీ అని రాసే ఉంటది, గంట తీస్తే 10 జీబీ నుంచి 24 జీబీ దాకా పోతది. అది కూడా హెచ్‌ఈవీసీ అనే పద్ధతిల సైజు తగ్గేటట్టు బాగా నొక్కి పెట్టినంక. ఇందుల ప్రతి ఫ్రేము పూర్తిగా ఉండదు, ముందు ఫ్రేముకు దీనికి తేడా ఏందో అంతే ఉంటది, టైంలైన్ (ఎడిటింగ్‌ల వీడియో ముక్కలు పేర్చే పట్టీ) మీద మనం ముందుకు వెనక్కి జరిపినప్పుడల్లా కంప్యూటర్ ఆ ఫ్రేముల్ని మళ్లా కట్టుకోవాలె. ఈ పనికి చిప్పుల సపరేట్ భాగం ఉంటది. ఇంటెల్‌ల మామూలు 8 బిట్ హెచ్‌ఈవీసీకి 6వ జనరేషన్ నుంచి, హెచ్‌డీఆర్‌ల (వెలుగు, నీడ బాగా కనపడే పద్ధతి) తీసే, రంగులు ఎక్కువుండే 10 బిట్‌కు 7వ జనరేషన్ నుంచి వచ్చింది. అది లేకుంటే బరువంతా ప్రాసెసర్ మీదనే పడి వీడియో ఆగి ఆగి నడుస్తది.

మా గల్లీల ఒకాయన కొడుకుకు ఒక షాపోళ్లు గ్రాఫిక్స్ కార్డు ఉన్నది కదా అని పాత ఐ7 అంటగట్టిండ్రు, తీసి చూస్తే అది జీటీ 710. ఆ కార్డుకు హెచ్‌ఈవీసీ చదవడమే రాదు. పిల్లగాని ఫోన్ వీడియో పది సెకండ్లు కూడా సక్కగ నడవలే, తండ్రి చేసిన అప్పు మాత్రం ఉన్నది. ఇట్లాంటివి చూస్తుంటే మనసు బాధైతది.

ఇంకా కొన్ని చెప్త. ఇంటెల్ నంబర్ చివర ఎఫ్ ఉంటే, 12400ఎఫ్ లెక్క, లోపలి గ్రాఫిక్స్ (పైన చెప్పిన సపరేట్ భాగం దాంట్లనే) ఉండదు, మంచి కార్డు పెట్టకుంటే ఎడిటింగ్‌కు ఆ సగం బలం పోయినట్టే. 4కేకు ర్యామ్ 16 జీబీ కావాలె, ఈమధ్య రేట్లు బాగా పెరిగినయి కాబట్టి ఇప్పుడు 8 తీసుకున్నా ఇంకో స్లాట్ ఖాళీగ ఉన్నదా అని మూత తీపిచ్చి చూడాలె. విండోస్, నడుస్తున్న పని ఎస్‌ఎస్‌డీల (హార్డ్ డిస్క్ కన్న ఫాస్ట్ స్టోరేజ్), అయిపోయినవి హార్డ్ డిస్క్‌ల. ల్యాప్‌టాప్ సంగతి వేరే, మన మే నెల ఎండలల్ల వేడెక్కి స్పీడు అదే తగ్గించుకుంటది, ఇంట్ల కూసొని చేసే పనైతే డెస్క్‌టాపే నయం. దానికి ఒక యూపీఎస్ పెట్టుకోవాలె, ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయినంక ఫైనల్ వీడియో తీసుడు) మధ్యల కరెంటు పోతే గంటల పని పోతది.

ఇంట్ల ఇప్పటికే ఓ మోస్తరు సిస్టం ఉంటే కొనకముందు ప్రాక్సీలు చేసి చూడుర్రి. అంటే 4కే వీడియోలకు చిన్న కాపీలు చేసి వాటి మీద ఎడిట్ చేసుడు, చివరికి ఎక్స్‌పోర్ట్ మాత్రం ఒరిజినల్‌తోనే అయితది. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ వర్షన్ల ఈ ప్రాక్సీల సౌకర్యం ఉన్నది, కేడెన్‌లైవ్, షాట్‌కట్ పూర్తిగా ఫ్రీ, వాటిల్ల కూడా ఉన్నది. షాపుకు పోయేటోళ్లు సొంత ఫోన్ల తీసిన 4కే వీడియో పెన్ డ్రైవ్‌ల తీస్కపోయి, దాన్ని ఎస్‌ఎస్‌డీల కాపీ చేపిచ్చి, అక్కడనే నడిపిచ్చుకోవాలె. విండోస్‌ల టాస్క్ మేనేజర్ తెరిస్తే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్పు) కింద వీడియో డీకోడ్ అని గీత ఉంటది, వీడియో నడిచేటప్పుడు ఆ గీత లేవకుండ ప్రాసెసర్ నూటికి నూరు చూపెడితే ఆ సిస్టం మనకొద్దు.

ఇవన్నీ అందరికీ తెల్వయి, అందుకే మీకు రాస్తున్న. యాడ్ తీసుకునేటప్పుడు మీ స్టాఫ్ షాపోళ్లను నాలుగు అడగాలె, ప్రాసెసర్ పూర్తి నంబర్, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, కార్డు మోడల్, పాతదైతే పాతదని కూడా రాయించాలె. యాడ్ల రెండు లైన్లు పెరుగుతయి అంతే. అవే నంబర్లు జీఎస్టీ బిల్లు మీద ఉంటే రేపు తేడా వచ్చినా కొన్నోడు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు, 2019 వినియోగదారుల రక్షణ చట్టంల తప్పుదోవ పట్టించే యాడ్ల మీద కూడా చర్య ఉన్నది. వచ్చే దసరా యాడ్ల నుంచే మొదలుపెట్టుర్రి సార్, మహబూబ్‌నగర్, సూర్యాపేట ఎడిషన్లల్ల కూడా.

ఇట్లు,
మీ పాఠకుడు, నల్గొండ