ఆయన మా తమ్ముడి బూట్లు తుడిచారు

మొన్న శుక్రవారంతో మా తమ్ముడి కీమో అయిపోయింది. నిన్న సాయంత్రం రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. రక్తంలో క్యాన్సర్ జాడ చూపే ట్యూమర్ మార్కర్లు మూడూ నార్మల్‌లోకి దిగాయి. స్కాన్ ఇంకా ఉంది, అది వచ్చే నెల. కానీ డాక్టరమ్మ ఫోన్లో ఆ అంకెలు చదువుతుంటే ఆవిడ గొంతులో నవ్వు వినిపించింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

ఇప్పుడు రాత్రి రెండున్నర. పాప పడుకుంది, వాడూ పడుకున్నాడు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఒళ్ళంతా పులిసిపోయి ఉంది, కళ్ళు మంటలు. అయినా ఈ నాలుగు మాటలూ ఇప్పుడే రాయాలి. రేపటికి ఇల్లూ పాపా పనీ మీద పడితే మళ్ళీ రాయలేను.

మా ఆయనకీ, అత్తయ్యగారికీ, తెనాలిలో అమ్మానాన్నలకీ వేరే థాంక్స్ చెప్పక్కర్లేదు. వాళ్ళు మా వాళ్ళు. నేను చెప్పాల్సింది మాకు ఏమీ కాని ఒక మనిషి గురించి. పేరు రాయొద్దన్నారు. ఇంట్లో మేం 'పెద్దాయన' అనుకుంటాం, ఇక్కడా అలాగే రాస్తాను.

ముందు జబ్బు సంగతి. వాడికి 24 ఏళ్ళు, ఇక్కడ షికాగోలో ఎమ్మెస్ చదువుతున్నాడు. వృషణంలో గడ్డ. ఆ మాట దాచకుండా రాయమని వాడే అన్నాడు. సిగ్గుపడి నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు కదా అనుకున్నాడట. దగ్గు పట్టుకుని ఎంతకీ తగ్గకపోతే అప్పుడు బయటపడింది, అప్పటికే ఊపిరితిత్తుల దాకా పాకింది. మగపిల్లలున్న ఇళ్ళల్లో దయచేసి ఈ మాట మాట్లాడుకోండి. పాతికేళ్ళ కుర్రాళ్ళకే ఎక్కువగా వచ్చే క్యాన్సర్ ఇది.

మూడు మందులు కలిపి ఇస్తారు. 21 రోజులకి ఒక సైకిల్. మొదటి ఐదు రోజులూ వరసగా వెళ్ళాలి, పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా సెలైన్లు ఎక్కుతూనే ఉంటాయి. తర్వాత వారానికో రోజు. మూడు సైకిళ్ళకి మొత్తం 21 సార్లు. వాడిని షికాగో బయట అరోరాలో మా ఇంటికి తెచ్చేసుకున్నాను, ఆస్పత్రేమో సిటీలో. పాపకి అప్పటికి మూడో నెల. మా ఆయన్ని ఆఫీసుకి రావాల్సిందేనని కంపెనీవాళ్ళు పట్టుబట్టారు, వీసా వాళ్ళ చేతిలో ఉంది కాబట్టి ఎదురు చెప్పలేం. అప్పుడు ఆస్పత్రి సోషల్ వర్కర్, రోగుల్ని ఉచితంగా తీసుకెళ్ళే వాలంటీర్ల లిస్టులో మా పేరు రాసింది.

జనవరిలో మొదటి సోమవారం, ఇంకా చీకటి. పాత బ్యూక్ కారు వచ్చి ఆగింది. కర్టెన్ పక్కకి జరిపి చూశాను. డెబ్బై దాటిన నల్లజాతి మనిషి, ఆరడుగుల పైన ఉంటారు, కుడికాలు కొంచెం ఈడుస్తూ మంచులో నడిచి వస్తున్నారు. నిజం రాస్తాను. నాకు భయమేసింది. కారు నంబరు ఫొటో తీసి మా ఆయనకి పంపాను. ఆ మనుషుల గురించి మన వాళ్ళు పార్టీల్లో నవ్వుతూ వాడే ఆ మాట మా ఇంట్లోనూ వినబడింది, నేనూ ఏనాడూ అడ్డు చెప్పలేదు. ఇవాళ అది తల్చుకుంటే నా మొహం నేను అద్దంలో చూసుకోలేకపోతున్నాను.

ఆయన గుమ్మంలో ఆగి, పక్కన మా చెప్పులు చూసి, ఎవరూ చెప్పకుండానే వంగి బూట్లు విప్పుకుని లోపలికి వచ్చారు. ఆ వంగడానికి ఆయన మోకాలు ఎంత ఇబ్బంది పెట్టిందో నాకు కనిపించింది.

ఆయన 30 ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. పుట్టి పెరిగింది షికాగోలోనే, వెస్ట్ సైడ్ అనే పేటలో. కారులో మూతున్న బకెట్, ఒక దుప్పటి, ప్లాస్టిక్ స్పూన్ల ప్యాకెట్ ఎప్పుడూ ఉంటాయి. స్పూన్లు ఎందుకో రెండో వారంలో తెలిసింది. ఆ మందుకి నోరంతా ఇనుము చప్పరించినట్టు ఉంటుంది, స్టీలు చెంచాతో తింటే ఇంకా ఎక్కువ. అప్పట్నుంచి మా ఇంట్లో స్టీలు చెంచాలు లోపల పెట్టేశాం. పోపు వాసన వస్తే చాలు వాడికి వాంతి. ఈ మూడు నెలలూ మా ఇంట్లో ఆవాలు చిటపటలాడలేదు.

రెండో సైకిల్ అయ్యాక వాడు మానేస్తానన్నాడు. చెవుల్లో ఒకటే హోరు, జుట్టు మొత్తం రాలిపోయింది, జ్వరం వచ్చి మూడు రోజులు ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. మూడో సైకిల్ మొదటి రోజు పొద్దున మెట్ల మీద కూర్చుని "అక్కా, నా వల్ల కాదు, నన్ను వదిలెయ్యండి" అన్నాడు. నేను బతిమాలాను, తిట్టాను, చివరికి ఏడ్చాను. పెద్దాయన బూట్లు విప్పుకుని వచ్చి వాడి కింద మెట్టు మీద కూర్చున్నారు. టైమైపోతోందని ఒక్క మాట అనలేదు. "నీకు పికొలో ఎవరో తెలుసా?" అని అడిగారు.

మా ఇద్దరికీ తెలీదు. ఇక్కడి ఫుట్‌బాల్ మనం చూసే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. షికాగో బేర్స్ టీములో 1965లో ఇద్దరు కుర్రాళ్ళు చేరారు, ఇద్దరిదీ ఒకటే స్థానం, బంతి పట్టుకుని పరిగెత్తే హాఫ్‌బ్యాక్. గేల్ సేయర్స్ నల్లజాతి అబ్బాయి. కాలేజీ ఆటగాళ్ళని టీములు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో నాలుగో నంబరుగా ఏరికోరి తీసుకున్నారు. ఆ మొదటి ఏడాదే డిసెంబర్ 12న రిగ్లీ ఫీల్డ్ మైదానం బురదలో ఒకే మ్యాచ్‌లో ఆరు టచ్‌డౌన్లు చేశాడు, అంటే ఆరుసార్లు బంతిని అవతలి గీత దాటించాడు. పెద్దాయనకి అప్పుడు 12 ఏళ్ళు, వంటింట్లో రేడియో పక్కన కూర్చుని విన్నారట. ఆరోదానికి వాళ్ళమ్మ గరిటె పట్టుకుని ఎగిరిందని చెబుతుంటే ఆయన మొహంలో ఆ పిల్లాడు కనిపించాడు. బ్రయన్ పికొలో తెల్లబ్బాయి. 1964లో దేశం మొత్తం మీద కాలేజీ ఆటలో అందరికంటే ఎక్కువ గజాలు పరిగెత్తింది అతనే, అయినా డ్రాఫ్టులో ఒక్క టీమూ తీసుకోలేదు. తనే వచ్చి బేర్స్‌లో చేరాడు. మొదటి ఏళ్ళల్లో సేయర్స్ ఆడుతుంటే పికొలో ఎక్కువగా బెంచీ మీదే. ఒకడు కింద పడితేనే రెండోవాడికి ఆట.

1967లో ఇద్దరినీ ఒకే గదిలో ఉంచారు. అంతకుముందు ఆ టీములో తెల్లవాళ్ళ గదులు వేరు, నల్లవాళ్ళ గదులు వేరు. సేయర్స్ మితభాషి, పికొలో నోరు మూయకుండా నవ్వించే మనిషి. మరుసటి ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపేశారు, వెస్ట్ సైడ్‌లో మాడిసన్ స్ట్రీట్ తగలబడింది. పెద్దాయన వాళ్ళ కిటికీలోంచి ఆ పొగ చూశారు. "ఆ ఏడాది తెల్లవాడి మొహం చూడాలని లేదు నాకు" అన్నారు. అదే ఏడాది నవంబర్లో సేయర్స్ మోకాలు విరిగినంత పనైంది, లిగమెంట్లు తెగిపోయాయి. ఆ చోటు పికొలోకి దక్కింది. పికొలో ఆ చోట్లో ఆడుతూనే సేయర్స్‌ని లేపి నిలబెట్టే పని పెట్టుకున్నాడు, వ్యాయామం మానకుండా వెంటపడి పోరుపెట్టాడు. సేయర్స్ లేస్తే తన ఆట పోతుందని అతనికి తెలియదా? 1969లో సేయర్స్ తిరిగొచ్చి 1,032 గజాలు పరిగెత్తి లీగ్ మొత్తంలో ముందు నిలిచాడు.

పికొలోకి ఆ సీజన్లోనే దగ్గు పట్టుకుంది. నవంబర్ 16న అట్లాంటాలో ఆడుతూ ఆడుతూ ఊపిరాడక తనంతట తనే మైదానంలోంచి బయటికి వచ్చేశాడు. ఛాతీలో గడ్డ. "నీ జబ్బే, యంగ్ మ్యాన్. అదే జాతి" అన్నారు పెద్దాయన. మా తమ్ముడు అప్పుడు తలెత్తి చూశాడు.

1970 మేలో న్యూయార్క్‌లో సేయర్స్‌కి ధైర్యశాలి అవార్డు ఇచ్చారు, మోకాలు బాగు చేసుకుని వచ్చినందుకు. అతను వేదిక ఎక్కి, ఇది ఈ రాత్రికే నాది, రేపు బ్రయన్‌ది అన్నాడు. నాకు అతనంటే ప్రేమ, మీరూ ప్రేమించండి, ఈ రాత్రి మోకరిల్లినప్పుడు అతని కోసం దేవుణ్ణి అడగండి అన్నాడు. నెల తిరక్కుండా జూన్ 16న పికొలో పోయాడు. 26 ఏళ్ళు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. శవపేటిక మోసినవాళ్ళలో సేయర్స్ ఒకడు.

పెద్దాయన కాసేపు ఆగారు. తర్వాత ఇలా అన్నారు. "1974లో పక్కనే ఇండియానాలో ఒక డాక్టరు ఈ జబ్బుకి సిస్‌ప్లాటిన్ అనే మందు కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా చచ్చిపోతున్న కుర్రాళ్ళు బతకడం మొదలైంది. పికొలోకి నాలుగేళ్ళు తక్కువయ్యాయి. నీచేత వాంతులు చేయిస్తున్నది ఆ మందే. కారు వేడిగా ఉంది, పద." వాడు లేచాడు. నేను చెప్పిన ఏ మాటకీ లేవని వాడు ఆ మాటకి లేచాడు.

ఆ రోజు మనసు ఒప్పక పాపని తీసుకుని నేనూ వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు ఐజన్‌హోవర్ హైవే మీద వాడికి ఒక్కసారిగా వికారం, బకెట్ అందుకునేలోపే అయిపోయింది. ఆయన కారు పక్కకి తీసి ఆపారు. లారీలు పోతుంటే కారు ఊగుతోంది, బయట గడ్డకట్టే చలి. నేను పాప బెల్టు విప్పేలోగా ఆయన అటువైపు వెళ్ళి తలుపు తీశారు. ఆ పాడు మోకాలుని మంచులో ఆనించి, జేబులోంచి ఇస్త్రీ మడత పోని రుమాలు తీసి, మా తమ్ముడి బూట్లు తుడిచారు. ముందు కుడిది, తర్వాత ఎడమది. ఊడిపోయిన లేసు కూడా కట్టారు. వాడు "సర్, వద్దు సర్" అంటూ కాలు వెనక్కి లాక్కుంటుంటే మడమ మెల్లగా పట్టుకుని ఆపారు.

మన ఇళ్ళల్లో చిన్నవాళ్ళ కాలు పెద్దవాళ్ళకి తగిలితేనే కళ్ళకద్దుకుంటాం. మా తాతయ్య వయసు మనిషి. మంచులో మోకాలి మీద. నా తమ్ముడి బూటు. ఆ క్షణంలో నాలో ఏదో తెగిపోయింది. జబ్బు పేరు విన్నరోజు కూడా అంత ఏడవలేదు. పాప బెదిరి తనూ ఏడుపు అందుకుంది. ఆయన రుమాలు మడిచి కవర్లో పెట్టి, ఇంకో కొత్త రుమాలు తీసి వెనక్కి తిరిగి నాకిచ్చారు. ఇంటిదాకా రేడియో పెట్టి ఏమీ మాట్లాడలేదు.

21 సార్లలో 17 సార్లు ఆయనే తీసుకెళ్ళారు. వాడి గుండుకి ముదురు నీలం ఊలు టోపీ తెచ్చిచ్చారు, దాని మీద నారింజ దారంతో 41 అని ఆయన భార్య కుట్టింది. పికొలో నంబరు. తర్వాత ఇంకెవరికీ ఇవ్వకుండా బేర్స్ ఆ నంబరు ఆపేశారు, సేయర్స్ 40 కూడా. వాడు పడుకున్నా ఆ టోపీ తియ్యడం లేదు. బదులుగా వాడు ఆయనకి మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథ చెప్పాడు. భీమవరంలో పుట్టి ఈ దేశం వచ్చి, కీమో తొలి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్ తయారుచేసిన బృందాన్ని నడిపిన మనిషి అని. పెద్దాయన ఆ పేరు పలకడం మూడు రోజులు ప్రాక్టీసు చేశారు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. తెల్లరక్తకణాలు పడిపోకుండా కీమో తర్వాత ఒక ఇంజక్షన్ ఉంటుంది. డాక్టరు రాసింది, మందుల షాపులో ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీ అప్రూవల్ ఇవ్వలేదు. తొమ్మిది రోజులు. పాపకి పాలిస్తూ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని గంటలు గంటలు ఆ సంగీతం విన్నాను. ప్రతిసారీ కొత్త మనిషి, మళ్ళీ పుట్టినతేదీ నుంచి మొదలు. ఈలోగా వాడికి జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడ్డాడు. ఆ పడిన తర్వాత రోజు అప్రూవల్ వచ్చింది. అటు అమ్మానాన్నలకి వీసా స్లాటు దొరకలేదు. డాక్టరు ఉత్తరం జతచేసి అత్యవసరమని రెండుసార్లు పెట్టుకుంటే రెండుసార్లూ కుదరదన్నారు. కన్నకొడుకు గుండుని అమ్మ వీడియో కాల్లో చూసింది. ఏమీ కాని మనిషి మంచులో మోకరిల్లగలిగితే, ఇదే పని మీద జీతం తీసుకునేవాళ్ళు ఒక సంతకం పెట్టలేరా?

అయ్యో, మర్చిపోయాను. నరం దొరక్కపోతే వేడి టవల్ చుట్టి, చెయ్యి నిమురుతూ కూర్చున్న నర్సమ్మకి. మా వాకిట్లో మంచు ఎవరు తీస్తున్నారో చాలా రోజులు తెలీలేదు, ఎదురింటి మెక్సికన్ అబ్బాయిలట, వాళ్ళకి. గుళ్ళో పరిచయమైన గుంటూరు ఆంటీకి, పోపు లేని పెరుగన్నం ప్రతి మంగళవారం గుమ్మంలో పెట్టి బెల్లు కొట్టకుండా వెళ్ళినందుకు. పెద్దాయనకి కుదరని నాలుగు రోజులూ వచ్చిన మా ఆయన కొలీగ్‌కి. సోషల్ వర్కర్ పైన వచ్చింది కదా, ఆవిడకీ.

ఇంకా ఒకరు. వాడి రూమ్మేట్, ఘానా అబ్బాయి. ల్యాబులో ఉన్నది ఒకటే అసిస్టెంట్‌షిప్, దానికి వీడూ అతనూ పోటీ. వీడు ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ వీడు దిద్దాల్సిన పేపర్లన్నీ అతనే దిద్దాడట. ప్రొఫెసర్ దగ్గరకెళ్ళి, వీడు తిరిగొచ్చేదాకా ఆ చోటు ఎవరికీ ఇవ్వొద్దని, తనకి కూడా ఇవ్వొద్దని అడిగాడట. ఈ సంగతి వాడు నాకు ఇవాళ సాయంత్రం చెప్పాడు. ఆదివారం భోజనానికి రమ్మన్నాం, పెద్దాయన దంపతులూ వస్తున్నారు. వాడికిప్పుడు పోపు వాసన పడుతోంది.