పాత రికార్డుల్లో స్టీల్ గిటార్ వాయించిందెవరు? లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ గారికి,
వాషింగ్టన్.

విషయం: పాత రికార్డింగుల వివరాల్లో స్టీల్ గిటార్ కళాకారుల పేర్లను, చెవితో గుర్తుపట్టిన సాక్ష్యాన్ని కూడా జతచేసి, నమోదు చేయవలసిందిగా విన్నపం.

అయ్యా/అమ్మా,

అమెరికాలో శబ్దరూపంలో మిగిలిన చరిత్రను కాపాడే బాధ్యత మీ గ్రంథాలయానిది. వర్జీనియాలోని కల్‌పెపర్‌లో ఉన్న ప్యాకర్డ్ కేంద్రంలో మీరు రికార్డుల్ని భద్రపరుస్తున్నారు. 2002 నుంచి ఏటా కొన్ని ముఖ్యమైన రికార్డింగుల్ని నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరుస్తున్నారు. 2011లో మొదలుపెట్టిన నేషనల్ జ్యూక్‌బాక్స్ ద్వారా తొలినాటి రికార్డుల్ని ఎవరైనా ఉచితంగా వినే వీలు కల్పించారు. ఇంత చేసిన సంస్థను ఒక్క ఖాళీ గడి గురించి అడగడం అత్యాశ అనిపించవచ్చు. కానీ గాయకుడి పేరు, కంపెనీ పేరు, రికార్డు సంఖ్య, తేదీ అన్నీ ఉన్నచోట, ఆ పాటను సగం మోసిన స్టీల్ గిటార్ (తీగల మీద ఉక్కు బార్‌ను జార్చుతూ వాయించే గిటార్) ఎవరి చేతిలో ఉందో చెప్పే గడి తరచూ ఖాళీగా ఉంటోంది, లేదా అందులో తప్పు పేరు ఉంటోంది. ఆ గడి నింపండి. అందుకు కాగితాల్ని మాత్రమే నమ్మకుండా, ఆ వాద్యాన్ని జీవితాంతం వాయించినవాళ్ల, విన్నవాళ్ల చెవి ఇచ్చే తీర్పును కూడా దాని కారణాలతో సహా ఒక ప్రత్యేక సాక్ష్యంగా స్వీకరించండి. నేను అడగదలచింది ఇదే. ఈ విన్నపాన్ని మీకు పంపుతూనే తెలుగు పాఠకుల ముందూ ఉంచుతున్నాను. ఈ వాద్యం మన సినిమా పాటల్లోనూ పేరూ ఊరూ లేకుండానే మోగింది గనక మా వాళ్లకు ఈ బాధ కొత్తది కాదు.

మీ రిజిస్ట్రీలోనే ఉన్న ఒక రికార్డును తీసుకుంటాను. అమెరికన్ కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాడిన 'లవ్‌సిక్ బ్లూస్' 1949లో విడుదలైంది. లేబుల్ మీద 'హ్యాంక్ విలియమ్స్, అతని డ్రిఫ్టింగ్ కౌబాయ్స్' అని ఉంటుంది. హ్యాంక్ విలియమ్స్ బృందంలో స్టీల్ గిటార్ అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు డాన్ హెల్మ్స్. లేబుల్‌నూ ఆ జ్ఞాపకాన్నీ నమ్మినవాడు ఇక్కడ కూడా హెల్మ్సే అనుకుంటాడు. నిజానికి ఆ పాట 1948 డిసెంబరులో సిన్సినాటిలోని హెర్జోగ్ స్టూడియోలో రికార్డయింది, స్టీల్ వాయించింది జెర్రీ బర్డ్. 1949 ఆగస్టులో అదే స్టూడియోలో రికార్డయిన 'ఐయామ్ సో లోన్సమ్ ఐ కుడ్ క్రై'లోనూ ఆయనే. 1950 చివర్లో కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో రికార్డయిన 'కోల్డ్ కోల్డ్ హార్ట్'కు వచ్చేసరికి హెల్మ్స్ వినిపిస్తాడు. ఈ పాటల్ని వరుసగా వినిపిస్తే, పేర్లేవీ తెలియని శ్రోత కూడా మొదటి రెండూ ఒకరివి, మూడోది మరొకరిది అని చెప్పగలడు. బర్డ్ స్వరం గుండ్రంగా, నింపాదిగా వస్తుంది. ఆయన కంపితం (స్వరాన్ని ఊగించే తీరు, వైబ్రాటో) వెడల్పుగా, తొందర లేకుండా, శ్రుతికి అటూ ఇటూ సమానంగా ఊగుతుంది. హెల్మ్స్ తారస్థాయిలో ఉంటాడు. గాయకుడి గొంతుకు అడ్డురాకుండా పైన వాయించమని నిర్మాత ఫ్రెడ్ రోజ్ ఇచ్చిన సలహాను పాటించి, పాట మీద సన్నటి, పదునైన గీత గీసినట్టు వాయిస్తాడు. గడప అవతల దగ్గు విని వచ్చిందెవరో ఇంట్లోవాళ్లు చెప్పేసినట్టే ఇదీ. అయితే ఈ దగ్గును కొలిచి చూపించవచ్చు, నా వాదనకు ఆధారం అదే.

స్టీల్ గిటార్‌లో తీగను మెట్టుకు అదిమే పని లేదు. ఎడమచేతిలోని ఉక్కు బార్ తీగల మీద తేలుతూ ఎక్కడ ఆగితే అదే స్వరం. అందువల్ల వాయించే మనిషి అలవాట్లు దాగవు. స్వరాన్ని కింది నుంచి జారుతో అందుకుంటాడా, నేరుగా వచ్చి నిలుస్తాడా, నిలిచిన వెంటనే కంపితం మొదలవుతుందా లేక ఒక్క క్షణం కదలకుండా ఉండి ఆ తర్వాత మొదలవుతుందా, పదబంధం చివర కంపితం ఆగాక స్వరం ఆరిపోతుందా, కంపిస్తూనే ఆరిపోతుందా అన్నవన్నీ ఒక్కొక్కరికి ఒక్కో తీరు. కుడిచేతి సంగతి ఇంకా సూక్ష్మం. మోగిన తీగను ఆపడం కూడా ఈ వాద్యంలో వాయించడమే; అరచేతి అంచుతో ఆపేవాళ్ల స్వరాల మధ్య మెత్తటి ఖాళీ ఉంటుంది, వేలికున్న పిక్‌నే తిరిగి తీగకు ఆనించి ఆపేవాళ్ల స్వరాలు విడివిడిగా, తేలిగ్గా రాలుతాయి. వాల్యూమ్ పెడల్‌తో మీటు దెబ్బను దాచి స్వరాన్ని ఉబ్బించేవాళ్లు కొందరు, దెబ్బను దాచనివాళ్లు కొందరు. స్పీడీ వెస్ట్ అయితే బార్‌ను ఏకంగా తీగల మీద ఢామ్మని పడేసి దాన్నే ఒక అలంకారంగా మార్చాడు. ఎడీ ఆర్నల్డ్ గొంతు వెనక 'టింగ్-ఎ-లింగ్' అని పేరుపడ్డ మోతతో లిటిల్ రాయ్ విగిన్స్‌ను గుర్తుపట్టడానికి నిపుణుడే అక్కర్లేదు.

అభిరుచికి సంబంధం లేని ఆనవాళ్లూ ఉన్నాయి. మీ అధికారులకు ఇవే ఎక్కువ నచ్చుతాయనుకుంటాను. బార్ ఒకే చోట నిటారుగా ఉండగా ఏ స్వరాలు కలిసి మోగగలవో ట్యూనింగ్, అంటే ఏ తీగను ఏ శ్రుతికి బిగించారన్నది, నిర్ణయిస్తుంది. అందులో దొరకని స్వరసముదాయం వినిపిస్తే, బార్‌ను ఏటవాలుగా పట్టినట్టు జారులో తెలిస్తే తప్ప, ఆ ట్యూనింగ్‌ను కొట్టేయవచ్చు. బార్ తాకని వట్టి తీగ స్వరానికి కంపితం ఉండదు. అది వినిపించిన చోట దాని శ్రుతి అసలు ట్యూనింగ్‌ను పట్టిస్తుంది. పెడళ్లు కాలాన్ని చెబుతాయి. పెడళ్లున్న వాద్యాలు 1940ల నుంచే ఉన్నా, మోగుతున్న తీగనే పెడల్‌తో లాగి, ఒక స్వరం కదలకుండా ఉండగా పక్క స్వరం దానికేసి జరిగే ఆ విలక్షణ ధ్వనిని అందరి చెవుల్లో వేసింది 1954లో విజయవంతమైన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్. ఆ తర్వాత ఆ తీరు నాష్‌విల్ అంతటా పాకింది. 1962లో బడీ ఎమన్స్ ఈ-నైన్త్ అనే ట్యూనింగ్‌కు పైన రెండు తీగలు చేర్చాడు. వాటితో బార్ కదలకుండానే మెట్టు మెట్టుగా దిగే స్వరశ్రేణులు సులువయ్యాయి. 1958 నాటిదని చెప్పే రికార్డులో అవి ధారాళంగా వినిపిస్తే తేదీనైనా అనుమానించాలి, తర్వాత మళ్లీ రికార్డు చేసిన పాటేమోనైనా చూడాలి. ఈ రెండోదే ఎక్కువగా నిజమవుతుంది: పేరొచ్చిన గాయకులు కంపెనీ మారాక పాత హిట్లను కొత్త వాద్యకారులతో మళ్లీ పాడారు, సంకలనాల్లో అవి పాతవాటి స్థానంలోకి చడీచప్పుడూ లేకుండా వచ్చి కూర్చున్నాయి.

ఇంకా వెనక్కి, హవాయి స్టీల్ గిటార్ రికార్డుల్లోకి వెళితే, మారుపేర్లతో అచ్చయిన లేబుళ్లు కాగితం మీది నమ్మకాన్నే కదిలిస్తాయి. ఫ్రాంక్ ఫెరేరాతో జంటగా ఎన్నో రికార్డులిచ్చిన హెలెన్ లూయిజ్ 1919 డిసెంబరులో ఓడ ప్రయాణంలో కనబడకుండా పోయారు. ఆ తర్వాతి సెషన్లలో ఆమె ఉండే అవకాశమే లేదు. చెవికి ఇలాంటి జీవిత వివరాలు తోడైనప్పుడే తీర్పు గట్టిపడుతుంది.

చెవి మోసపోదని నేను అనడం లేదు. ఎమన్స్ వాయించిన ప్రతి పదబంధాన్నీ ఒక తరం తరమే కంఠస్థం చేసింది. ఆయన శైలి వినిపించినంత మాత్రాన ఆయన వాయించినట్టు కాదు. రికార్డు వేగం మరో గోతి. నిమిషానికి 78 చుట్లని చెప్పే పాత రికార్డుల్లో చాలావాటిని సరిగ్గా ఆ వేగంతో రికార్డు చేయలేదు. నిమిషానికి నాలుగైదు చుట్ల తేడా చాలు, శ్రుతి అర స్వరం జరిగిపోతుంది, దాంతోపాటు కంపితం వేగమూ మారుతుంది, ట్యూనింగ్ గురించిన ఊహంతా కూలిపోతుంది. వేగం సరిచేయని ప్రతి మీద ఇచ్చిన తీర్పును అసలు లెక్కలోకే తీసుకోకూడదు. అన్నిటికంటే పెద్ద ప్రమాదం మాట. పదిమంది శ్రోతల మధ్య ఒక పెద్దమనిషి ముందుగా ఒక పేరు అనేస్తే, మిగిలిన తొమ్మిది మందికీ ఆ పేరే వినిపించడం మొదలవుతుంది. అందుకే ఒక పద్ధతి కావాలి: గాయకుడి పేరు, ఏడాది చెప్పకుండా, వీలైతే గొంతు లేని భాగాన్ని మాత్రమే కత్తిరించి, కనీసం ముగ్గురికి విడివిడిగా వినిపించాలి, పేరుతోపాటు ఏ క్షణంలో ఏ ఆనవాలు విని చెప్పారో రాయించాలి, ముగ్గురూ ఒకటే చెప్పకపోతే ఆ భేదాన్నీ దాచకుండా నమోదు చేయాలి.

కాగితాన్నే నమ్మేవాళ్లతో నాకు పేచీ లేదు, కాగితం తేల్చిన చోట్ల చెవికి పని లేదు. ది బర్డ్స్ బృందం 1968లో విడుదల చేసిన 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో'లో ఇద్దరు స్టీల్ కళాకారులున్నారు: నాష్‌విల్ సెషన్లలో లాయిడ్ గ్రీన్, లాస్ ఏంజెలెస్ సెషన్లలో జేడీ మేనెస్. ఏ పాట ఎక్కడ రికార్డయిందో తెలిస్తే పేర్లు వాటంతటవే విడిపోతాయి. కానీ సంగీతకారుల కార్మిక సంఘం సెషన్ కాంట్రాక్టు ఎందుకు పుట్టిందో గుర్తుంచుకోవాలి. మూడు గంటల సెషన్‌కు ఎవరికి ఎంత చెల్లించాలో చెప్పడానికి అది పుట్టింది, ఏ పాటలో ఎవరేం వాయించారో భావితరాలకు చెప్పడానికి కాదు. ప్రతి కాంట్రాక్టులోనూ వాద్యం పేరు ఉండదు, తర్వాత విడిగా వాయించి చేర్చిన భాగాలు (ఓవర్‌డబ్‌లు) మరో కాగితంలో ఉంటాయి, చాలా చిన్న కంపెనీల కాగితాలు అసలు మిగల్లేదు. ఆ ఖాళీల్లో చెవి తప్ప మరో సాక్షి లేదు.

ఇది అభిమానుల కాలక్షేపం మాత్రమే కాదనడానికి చట్టమే సాక్ష్యం. 2018 నాటి మ్యూజిక్ మోడర్నైజేషన్ యాక్ట్ 1972 ఫిబ్రవరికి ముందటి రికార్డింగుల్ని కూడా సమాఖ్య రక్షణలోకి తెచ్చింది. 1947 నుంచి 1956 మధ్య ప్రచురితమైనవాటికి 110 ఏళ్ల కాలం ఇచ్చింది గనక 1949 నాటి రికార్డుకు ఆ రక్షణ 2059 చివరిదాకా ఉంటుంది. డిజిటల్ రేడియో వంటి ప్రసారాల రాయల్టీలో రెండున్నర శాతాన్ని చట్టం ముఖ్య కళాకారులు కాని వాద్యకారులకు కేటాయించింది. అది చిన్న మొత్తమే కావచ్చు. అయినా, పేరు లేనివాడి వారసులకు అది ఎలా చేరుతుంది? కాపీరైట్ కార్యాలయం మీ గ్రంథాలయంలోనే భాగం కాబట్టి ఈ ప్రశ్న మీ గడప దాటి ఎక్కడికో పోవలసిన పని లేదు. అయితే చెవి తీర్పు ఒక్కదాని మీదే డబ్బు పంచాలని నేను కోరను. ఎక్కడ వెతకాలో అది చెబుతుంది, ఆ పేరుతో కాంట్రాక్టునో కుటుంబం దగ్గరున్న సెషన్ డైరీనో గాలించవచ్చు.

కాలం మాత్రం మనకోసం ఆగడం లేదు. జెర్రీ బర్డ్ 2005లో, డాన్ హెల్మ్స్ 2008లో, రాల్ఫ్ మూనీ 2011లో, బడీ ఎమన్స్ 2015లో, బడ్ ఐజాక్స్ 2016లో వెళ్లిపోయారు. వాళ్ల పక్కన కూర్చుని వాయించినవాళ్లు, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు కొందరింకా ఉన్నారు. "ఇది నేను కాదు, ఆ రోజుల్లో నా వాద్యానికి ఆ మోకాలి లీవర్ లేదు" అని ఒక్క వాక్యంలో దశాబ్దాల పొరపాటును తుడిచేయగలవాళ్లు వాళ్లే.

కనుక మీ కార్యాలయాన్ని నేను అడిగేది చాలా పరిమితం. మొదట రిజిస్ట్రీలో స్టీల్ గిటార్ వినిపించే రికార్డింగులకు మాత్రమే, 'లవ్‌సిక్ బ్లూస్' నుంచి పీట్ డ్రేక్ వాయించిన టామీ వైనెట్ 'స్టాండ్ బై యువర్ మ్యాన్' దాకా, వాద్యకారుడి పేరును, ఆ పేరు కాంట్రాక్టు వల్ల తెలిసిందా, సెషన్‌లో ఉన్నవారి మాట వల్లా, విని చెప్పినదా అన్న గుర్తును చేర్చండి. విని చెప్పినదైతే కారణాల్నీ చెప్పినవారి అనుభవాన్నీ జతచేయండి. కొత్త కాగితం దొరికిన రోజున పాత తీర్పును చెరిపేయకుండా కింద ఉంచండి, ఎవరి చెవి ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తప్పిందో తర్వాతివాళ్లకు తెలుస్తుంది. నాష్‌విల్‌లోని సంగీతకారుల సంఘం లోకల్ 257ను, కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ అండ్ మ్యూజియంను ఈ పనిలో కలుపుకోండి. పెద్దవయసు కళాకారుల్ని తమ వాద్యం ముందే కూర్చోబెట్టి, ఏ ఏడాది ఏ తీగలు, ఏ పెడళ్లు వాడారో వాయించి చూపమని అడిగి రికార్డు చేయండి. ముందుగా అత్యంత వృద్ధుల్ని పిలవండి. ఈ ఏడాది రిజిస్ట్రీ ఎంపికలు ప్రకటించే నాటికి ఒక్క రికార్డుకైనా ఈ వివరం చేర్చగలరో లేదో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
స్టీల్ గిటార్ నేర్చుకుంటున్న ఒక తెలుగు శ్రోత