మా పాప కోసం నిలబడ్డ అందరికీ దండాలు

మా పాప గుండె ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చింది. పాలు తాగుతోంది. కావలి నుంచీ బిట్రగుంట నుంచీ ఫోన్లు చేసి అడుగుతున్న అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక మా ఇంట్లో ఇంకా ఎవరికీ రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి దండం కాన్పు వార్డులో నైట్ డ్యూటీ సిస్టరమ్మకి. బిడ్డ బాగా ఏడ్చింది, బరువూ బాగుంది, మాకే అనుమానమూ లేదు. పుట్టిన బిడ్డకి ఆక్సిజన్ మామూలుగా 24 గంటలు దాటాక చూస్తారట. గోళ్ళ రంగు నచ్చక ఆమె ముందే కుడిచేతికీ కాలికీ ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టింది. రెండు చోట్లా 95 శాతం అయినా ఉండాలి. మా పాపకి 70ల్లో ఉంది. "మిషన్ తప్పేమో" అని మా అత్త అంటే, "రెండో మిషన్‌తో కూడా చూశానమ్మా" అని అప్పుడే డాక్టరు గారిని లేపింది.

గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద నాళాలు తారుమారుగా ఉన్నాయి. ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం ఊపిరితిత్తులకి పోకుండా మళ్ళీ ఒంట్లోకే పోతోంది. కడుపులో ఉన్నప్పటి చిన్న నాళం ఒకటి ఇంకా తెరుచుకుని ఉండబట్టి బిడ్డ నిలబడింది. అది మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెట్టారు. ఆ మందుకి ఒక్కోసారి పసిబిడ్డకి ఊపిరి ఆగుతుంది. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట దాటి తిరుపతి చేరిందాకా 108లో వచ్చిన అన్న పాప ఛాతీ మీంచి చూపు తిప్పలేదు. అన్నా, నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలీదు.

తిరుపతిలో ముందు బెలూన్‌తో గుండె పైగదుల మధ్య దారి పెద్దది చేశారు. తర్వాత పెద్దాపరేషన్. నాళాలు మార్చి, గుండెకే రక్తమిచ్చే సన్న నాళాల్ని కూడా విప్పి కొత్తచోట కుట్టారు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది ఆ రాత్రి ఐసీయూ సిస్టర్ గురించి. పాప నుదుటి మీద ఒక స్టిక్కర్, నడుము పక్కన మూత్రపిండం మీద ఒకటి అంటించారు. వేలి క్లిప్పు బాగానే చూపిస్తుంటే ఇవెందుకని అడిగాను. "క్లిప్పు చెప్పేది రక్తంలో ఎంత ఆక్సిజన్ పోతోందో. ఇది ఆ అవయవం వాడుకున్నాక ఎంత మిగిలిందో చెబుతుంది. రక్తం సరిగా అందకపోతే ముందు ఇదే పడిపోతుంది" అంది. చర్మం లోపలికి పోయే ఒక రకం వెలుతురుతో కొలుస్తారట, సూది లేదు.

అర్ధరాత్రి దాటాక అదే జరిగింది. వేలి దగ్గర 98. నడుము దగ్గర 80 పైన ఉన్నది 50ల్లోకి జారింది. అప్పటికి మూత్రం ఇంకా తగ్గలేదు. ఆమె వెంటనే పిలిస్తే డాక్టర్లు వచ్చి రక్తపరీక్ష చేసి, గుండె కొట్టుకునే బలానికి మందు పెంచారు. తెల్లవారేసరికి అంకె మెల్లగా పైకొచ్చింది. కుర్చీలో కూర్చోకుండా ఆ తెర ముందే నిలబడింది ఆ తల్లి.

ఆరోగ్యశ్రీ కాగితాలు పరిగెత్తి చేయించిన ఆరోగ్యమిత్ర గారికీ, అప్పటికప్పుడు బస్సెక్కి తిరుపతి వచ్చి రక్తమిచ్చిన కావలి కుర్రాళ్ళకీ మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కుతున్నాం.

మన వైపు కాన్పు కోసం చూస్తున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, బిడ్డని ఇంటికి తెచ్చేలోపు చేతికీ కాలికీ క్లిప్పు పెట్టించండి. ఏ బిడ్డకైనా రక్తం కావాలంటే నాది ఓ పాజిటివ్, ఏ వేళైనా వస్తాను.