ఆటోనగర్ బాబాయిగారికి కృతజ్ఞతలు

మూడు నెలలుగా ఒక కనుబొమ ఎగరేసి చూస్తున్న మా ఎర్ర కారు పోయిన ఆదివారం మామూలు ముఖానికి వచ్చింది. అందుకు కారణమైన పెద్దమనిషి ఫోనులో అన్నీ చదువుతారని వాళ్ల అబ్బాయి చెప్పాడు. అందుకే నలుగురి ముందు చెప్పుకుంటున్నాను.

కారు 1991 నాటి మాజ్దా మియాటా. హిరోషిమాలో తయారై అమెరికా చేరిన రెండు సీట్ల బండి. దీపాల మీట నొక్కితే ముక్కు మీది రెండు మూతలు లేచి హెడ్‌లైట్లు బయటికి వస్తాయి. ఆర్పితే మూతలు దిగి బానెట్‌తో మట్టంగా కలిసిపోతాయి. తర్వాతి తరం మియాటాలకు ఈ ముచ్చట లేదు. ఆ మూతల కోసమే బండి కొన్నానని మా ఆవిడ అంటుంది. కాదనలేను.

చలికాలంలో ఇక్కడ న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, కారు ఆపి ఉంచిన చోట ఎవరో కుడి మడ్‌గార్డుకు గుద్ది వెళ్లిపోయారు. షెడ్డులో మడ్‌గార్డు మార్చి, రంగు వేసి ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే కుడి మూత లోపలి అంచు బానెట్ కంటే రెండు రూపాయి బిళ్లల మందం ఎత్తుగా ఉంది. లేచేటప్పుడు కిర్రుమంటోంది. రెండు వారాల్లో మూల దగ్గర రంగు పెచ్చులూడింది. అడిగితే, పాత బండి కదా, అంతే అన్నారు.

ఇక నేనే పూనుకున్నాను. మూత బోల్టులు వదులు చేసి వెనక వైపు దించితే ముందు వైపు లేచింది. లోపలి అంచు సరిచేస్తే బయటి అంచు మడ్‌గార్డును రాసుకుంది. నలభై డాలర్లు పోసి మూత కీళ్లలో వేసే కొత్త బుష్‌లు తెప్పించి వేసినా ఫలితం లేదు.

అప్పుడు మా స్నేహితుడు వాళ్ల నాన్నగారిని వెంటబెట్టుకొచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా టింకరింగ్ చేసిన మేస్త్రీ. మనవరాలిని చూడటానికి వచ్చి, ఇంట్లో తోచక ఉన్నారట. లేచే దీపాల కారు ఆయన ఎన్నడూ చూడలేదు.

వస్తూనే, “ముందు ఫ్యూజు పీకు నాయనా. వేళ్లు పెట్టే చోట కరెంటు ఉండకూడదు” అన్నారు. అప్పటిదాకా నాకు ఆ ఆలోచనే రాలేదని ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఫ్యూజు తీశాక మోటారు మీది రబ్బరు టోపీ ఊడదీసి, కింద ఉండే చేతి మరను తిప్పుతూ మూతను మెల్లగా లేపారు, దించారు. తర్వాత కుడి వైపు వదిలేసి ఎడమ వైపుకు వెళ్లారు. కళ్లు మూసుకుని బొటనవేలిని బానెట్ మీదనుంచి మూత మీదకు, అక్కణ్నుంచి మడ్‌గార్డు మీదకు జరిపారు. కుడి వైపు కూడా అలాగే చేసి నవ్వారు.

“మూత మడ్‌గార్డుతో మట్టంగానే ఉంది. అది లేవలేదు, నీ బానెట్ కుంగింది.”

బానెట్ ఎత్తి చూస్తే కుడి మూలన దాన్ని మోసే రబ్బరు దిమ్మ పూర్తిగా కిందికి తిప్పేసి ఉంది. మడ్‌గార్డు మార్చినప్పుడు దాన్ని అలాగే వదిలేసినట్టున్నారు. రెండు చుట్లు పైకి తిప్పి బానెట్ వేస్తే మెట్టు మాయమైంది. నేను మూడు నెలలు సరిచేసిందల్లా సరిగా ఉన్నదాన్నే!

ఇక నేను చెడగొట్టినవి సరిచేయడానికి గంట పట్టింది. అంచులకు కాగితపు టేపు అంటించి, విజిటింగ్ కార్డు మడతపెట్టి ఎడమ వైపు సందు కొలిచి, అదే మడతతో కుడి సందు పట్టించారు. బోల్టు బిగించేటప్పుడు మూత పక్కకు జరుగుతుంది కదా, అందుకని ఆ జరిగేంత మేర ముందే ఎదురు వైపుకు నెట్టి పట్టుకుని బిగించారు. ఇది చూస్తే తప్ప రాని పని. తర్వాత అంచుకు సుద్ద పూసి చేత్తోనే పదిసార్లు లేపి దించారు. ఎదుటి అంచుకు సుద్ద అంటలేదు. అప్పుడు గానీ ఫ్యూజు పెట్టనివ్వలేదు. మీట మాత్రం తానే నొక్కుతానన్నారు. నొక్కారు, ఏడుసార్లు.

టార్చి పట్టిన మా ఆవిడకూ, రెండుసార్లు టీ పెట్టిన స్నేహితుడికీ ధన్యవాదాలు. బాబాయిగారూ, డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు, సరే. ఊడిన పెచ్చు మీద మీరు చెప్పినట్టే వాన తగలకుండా టేపు వేసి ఉంచాను. మీరు వెళ్లాక చూసుకుంటే నా పది నంబరు పానా కనిపించలేదు. మీ చొక్కా జేబులో ఉందేమో చూడండి. ఉంటే మీరే ఉంచుకోండి.