మీ అక్క ఎమ్మారై గురించి

పద్మా,

నీ ఉత్తరం చదివాను. మీ అక్క గర్భసంచిలో గడ్డకి కోతా కుట్టూ లేని వైద్యం ఉందన్నారనీ, ఎమ్మారై తీయందే ఏ మాటా చెప్పలేమన్నారనీ రాశావు. "అల్ట్రాసౌండ్‌లో గడ్డ కనిపించింది కదా, మళ్ళీ ఎమ్మారై ఎందుకు, బిల్లు పెంచడానికా?" అని నీ అనుమానం. అలా అనిపించడంలో తప్పేం లేదు గానీ, ఈసారి మాత్రం నేను వాళ్ళ పక్షమే. రోజూ ఆ బొమ్మల ముందే కూర్చునేదాన్ని కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ఆ వైద్యం పేరు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. స్కానింగ్‌లో వాడే లాంటి శబ్ద తరంగాలనే చాలా ఎక్కువ బలంతో గడ్డ లోపల ఒక్క చోట కలిసేలా పంపిస్తారు. అక్కడ వేడి 60 డిగ్రీల దాకా వెళ్తే చాలు, కణాలు క్షణాల్లో చచ్చిపోతాయి. అలా కొంచెం కొంచెంగా జరుపుతూ గడ్డంతా కాల్చుకుంటూ వస్తారు. ఫైబ్రాయిడ్లకి, అంటే గర్భసంచిలో వచ్చే ఇలాంటి క్యాన్సర్ కాని గడ్డలకి, ఎమ్మారైతో నడిపే ఇలాంటి యంత్రానికి అమెరికాలో మందులకీ వైద్య యంత్రాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2004లోనే అనుమతి ఇచ్చింది. అంటే మరీ కొత్తదేం కాదు. కానీ అందరికీ పనిచేసేదీ కాదు. ఎవరికి పనిచేస్తుందో చెప్పేది ఆ మొదటి ఎమ్మారైయే. నన్నడిగితే ఈ వైద్యంలో అన్నిటికన్నా విలువైన బొమ్మ అదే, ముఖ్యంగా అది "వద్దు" అని చెప్పినప్పుడు.

టీ2 అనే రకం బొమ్మల్లో ముందు గడ్డ రంగు చూస్తాం. ఒంటి కండరమంత నల్లగా ఉంటే మాకు సంతోషం. గర్భసంచి గోడతో సమానంగా గానీ, అంతకన్నా తెల్లగా గానీ ఉంటే కష్టం. ఫునాకి వర్గీకరణ అని దీనికో పద్ధతి ఉంది: నల్లగా ఉంటే మొదటి రకం, మధ్యస్థంగా ఉంటే రెండు, తెల్లగా ఉంటే మూడు. తెల్లటి గడ్డల్లో సాధారణంగా నీరూ రక్తప్రసారమూ ఎక్కువ. వాటిని కాల్చబోతే పారే కాలువలో వేడినీళ్ళు పోసినట్టే, వేడి నిలవదు. మీ అక్క పాత రిపోర్టులో గడ్డ ఎన్ని సెంటీమీటర్లో తప్ప ఇవేవీ లేవు. అల్ట్రాసౌండ్‌లో ఈ తేడా ఇంత స్పష్టంగా తెలియదు కూడా.

తర్వాత దారి చూస్తాం. పొట్ట చర్మం నుంచి గడ్డ దాకా తరంగాలు వెళ్ళే దారిలో పేగు అడ్డొస్తే అది కాలే ప్రమాదం ఉంది. ఒక్కోసారి మూత్రాశయాన్ని నింపి పేగుని పక్కకి జరుపుతారు. పాత ఆపరేషన్ మచ్చ ఉంటే అక్కడ చర్మం కాలొచ్చు. గడ్డ వెనక్కి, వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థికి మరీ దగ్గరగా ఉంటే ఆ ఎముక వేడెక్కి, పక్కనున్న కాలి నరానికి దెబ్బ తగలొచ్చు. చికిత్స బోర్లా పడుకోబెట్టి చేసేదైతే ఈ స్కాన్ కూడా బోర్లా తీస్తేనే మేలు, ఎందుకంటే వెల్లకిలా ఉన్నప్పటి పేగు బోర్లా తిరిగితే అక్కడే ఉండదు. కాంట్రాస్ట్ (రక్తం వెళ్ళే చోటు బొమ్మలో మెరిసేలా నరంలోకి ఎక్కించే మందు) ఇచ్చినా గడ్డలోకి రక్తమే వెళ్ళడం లేదని తేలితే, అది ఎప్పుడో చచ్చిన గడ్డ, కాల్చేదేం లేదు. గడ్డ తీరు చూసి క్యాన్సర్ అనుమానం వస్తే మాత్రం ఈ వైద్యం జోలికే పోకూడదు. గడ్డ బయటికి రాదు, పరీక్షకి ముక్క దొరకదు కదా.

అడినోమయోసిస్ వేరే కథ. అక్కడ గడ్డకి అంచే ఉండదు, గర్భసంచి లోపలి పొర గోడలోకి చొచ్చుకుపోతుంది. పొరకీ గోడకీ మధ్యనుండే నల్లటి పట్టీ 12 మిల్లీమీటర్లు దాటిందంటే మాకు అనుమానం వస్తుంది. ఎక్కడ ఆపాలో తేల్చుకోవడం ఫైబ్రాయిడ్ కన్నా కష్టం. మీ అక్కకి అది కూడా ఉందేమో ఈ స్కాన్‌లోనే తెలుస్తుంది.

ఎమ్మారై లోపలే చేసే పద్ధతిలో నాకు భలే నచ్చేది ఒకటుంది. వేడెక్కిన కొద్దీ నీటిలోని హైడ్రోజన్ సిగ్నల్ కొద్దికొద్దిగా జరుగుతుంది. దాన్ని లెక్కగట్టి, ఏ చోట ఎంత వేడి ఉందో అప్పటికప్పుడు రంగుల్లో చూపిస్తారు. అయితే కొవ్వులో ఈ లెక్క పనిచేయదు. అందుకే పొట్ట చర్మం కింద మంటగా ఉన్నా, కాలు జివ్వుమన్నా వెంటనే చెప్పమంటారు. మనిషి మెలకువగానే ఉంటుంది, చేతిలో ఆపే బటన్ ఉంటుంది. మొహమాటపడి ఓర్చుకోవద్దని మీ అక్కకి గట్టిగా చెప్పు, అసలే ఆవిడ సంగతి నాకు తెలుసు.

పని అయ్యాక గాడోలినియం అనే కాంట్రాస్ట్ ఎక్కించి మళ్ళీ బొమ్మలు తీస్తాం. గర్భసంచి గోడ తెల్లగా మెరుస్తుంది, మధ్యలో రక్తం చేరని భాగం నల్లగా మిగిలిపోతుంది. ఒక్కో బొమ్మ మీదా ఆ నలుపు చుట్టూ మౌస్‌తో గీత గీసి, అన్నీ కలిపి ఘనపరిమాణం లెక్కేస్తాం. మొత్తం గడ్డలో అది ఎంత శాతం? నువ్వు తప్పకుండా అడగాల్సింది ఇదే. 80 దాటితే మంచి మాట. శాతం తగ్గేకొద్దీ మళ్ళీ చికిత్స అవసరమయ్యే అవకాశం పెరుగుతుంది. మొదట్లో జాగ్రత్త కోసం గడ్డలో మూడోవంతుకి మించి కాల్చొద్దని పరిమితి పెట్టారు. ఆనాటి ఫలితాలు అంతంతమాత్రంగా ఉండటానికి అదీ ఒక కారణం.

ఆ రోజు గడ్డ సైజు తగ్గదు. "ఏం మారలేదే" అని టెన్షన్ పడకండి. చచ్చిన భాగాన్ని ఒళ్ళు నెమ్మదిగా పీల్చుకోవాలి. మూడు నెలలకో ఆరు నెలలకో తీసే స్కాన్‌లో కుదించుకోవడం కనిపిస్తుంది. పూర్తిగా మాయమవడం అరుదు. బ్లీడింగ్ తగ్గిందా, నొప్పి తగ్గిందా అన్నదే అసలు లెక్క. అంచున మిగిలిపోయిన చోట కాంట్రాస్ట్ తీసుకుంటుంటే మాత్రం అక్కణ్ణించే మళ్ళీ పెరగొచ్చు.

స్కాన్ అయ్యాక ఫిల్ములు కాదు, సీడీ అడిగి తీసుకో. నాకు అదే పంపు. కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ రిపోర్ట్ ఉంటే అదీ జత చెయ్యి, కాంట్రాస్ట్ ఇచ్చే ముందు చూడాలి. ఇంకొకటి, మీ అక్క రెండో కాన్పు సిజేరియన్ కదా, కుట్లు నిలువుగా వేశారా, అడ్డంగా వేశారా? కనుక్కుని రాయి.

నీ
శైలు