స్కౌట్లకు ఏడాది క్యాలెండర్ ఇప్పించండి: తిరుపతి జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మన బడుల్లో స్కౌట్లు, గైడ్లు ఎప్పుడు కనిపిస్తారు? ఆగస్టు 15న, జనవరి 26న, ఎవరైనా పెద్దలు వచ్చినప్పుడు. స్కార్ఫ్ కట్టి ఎండలో నిలబెట్టడం స్కౌటింగ్ కాదండీ. ముడులు, ప్రథమ చికిత్స, దిక్సూచి, వంట అన్నీ చేసి నేర్చుకోవాల్సినవే.

జూన్‌లో బడి తెరవగానే ఏడాది క్యాలెండర్ ఇప్పించండి. బ్రహ్మోత్సవాల లోపే ప్రథమ చికిత్స నేర్పితే సేవకు వెళ్లే పిల్లలకు టెన్షన్ ఉండదు. నవంబరులో మనకు ఈశాన్య రుతుపవనాల వానలు, క్యాంపు వద్దు. జనవరిలో చంద్రగిరి కోట వైపు హైకింగ్, నేలపట్టులో పక్షుల పరిశీలన పెట్టొచ్చు. ఫిబ్రవరి 22న స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ పుట్టినరోజు ఎలాగూ ఉంది. మార్చి పరీక్షలకే వదిలేయండి, ఆ నెల ఎవరూ మన మాట వినరు!

వారానికో పీరియడ్, హైకింగ్‌కు బస్సు ఖర్చు. ఈ రెండింటికీ మే నెలలోనే ఉత్తర్వులిస్తారా?

ఇట్లు,
ఒక స్కౌట్ తల్లి, తిరుపతి